గ్రంథాలు ముందు, గోడలు తరువాత: ఉస్మానియా విశ్వవిద్యాలయ నిర్మాణ చరిత్ర

1939 డిసెంబరు 4న ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ అడిక్‌మెట్‌లో ఆర్ట్స్ కళాశాల భవనానికి ప్రారంభోత్సవం జరిపేనాటికి, ఆయన పేరు ధరించిన విశ్వవిద్యాలయంలో పాఠాలు మొదలై ఇరవై సంవత్సరాలు నిండాయి. దాని గ్రంథాలయం తనకంటూ కట్టిన భవనంలోకి అడుగుపెట్టడానికి మరి ఇరవై నాలుగేళ్లు పట్టింది. ముందు కట్టడం లేవడం, తరువాత ఆచార్యులు రావడం, క్రమంగా పుస్తకాలు చేరడం విద్యాసంస్థల విషయంలో మనం తరచు చూసే వరుస. ఉస్మానియాలో ఈ వరుస తారుమారైంది. అక్కడ మొదట పుట్టినవి పుస్తకాలు; వాటిని బోధించేవారూ చదివేవారూ తరువాత వచ్చారు; రాతిభవనం వారి వెనుక వచ్చింది; ఆ పుస్తకాలను భద్రపరిచే ఇల్లు అన్నిటికంటె చివర లేచింది. దీనికి కొంత కాలపరిస్థితులే కారణమైనా, విశ్వవిద్యాలయం ఎవరికోసం, ఏ భాషలో, దేనికోసం అన్న ప్రశ్నలకు ఆయా కాలాల పాలకులు ఇచ్చిన సమాధానాలు కూడా ఈ వరుసలో దాగి ఉన్నాయి.

హైదరాబాదు రాజ్యంలో ఉన్నతవిద్య అప్పటికి కొత్తది కాదు. నిజాం కళాశాల 1887 నుంచి మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఇంగ్లీషులో బోధిస్తూ వచ్చింది. కాని రాజ్యపు కార్యాలయాల్లో 1880లలోనే ఫారసీ స్థానాన్ని ఉర్దూ ఆక్రమించింది. ఒక భాషలో చదివి మరొక భాషలో కొలువు చేయవలసిన పరిస్థితి విద్యావంతులకు ఏర్పడింది. ప్రభుత్వ కార్యదర్శిగా ఉన్న అక్బర్ హైదరీ ఈ చిక్కును గుర్తించి, పరభాషలో సాగే చదువు జ్ఞాపకశక్తికి భారమవుతూ స్వతంత్రాలోచనను కుంటుపరుస్తున్నదని వాదిస్తూ ఒక విజ్ఞాపనను సమర్పించాడు. 1917 ఏప్రిల్ 26న వెలువడిన ఫర్మానా ఆ వాదాన్ని అంగీకరించి, ప్రాచ్య పాశ్చాత్య విజ్ఞానాలను మేళవించే విశ్వవిద్యాలయాన్ని, ఉర్దూ బోధనామాధ్యమంగా, నెలకొల్పుతున్నట్టు ప్రకటించింది. ఇంగ్లీషు నిర్బంధ విషయంగా మిగిలింది. భారతదేశంలో ప్రభుత్వం స్థాపించిన ఆధునిక విశ్వవిద్యాలయాలలో దేశభాషకు ఈ స్థానం ఇచ్చినది ఇదే మొదటిది. రవీంద్రనాథ్ ఠాగూర్ వంటివారు దీనిని మనసారా ఆహ్వానించారు. విద్యాశాఖకు అధిపతిగా వచ్చిన రాస్ మసూద్ కొన్నేళ్ల తరువాత జపానుకు వెళ్లి, ఒక ఆసియా దేశం స్వభాషలో ఆధునిక విజ్ఞానాన్ని ఎలా వశం చేసుకున్నదో అధ్యయనం చేసి గ్రంథస్థం చేయడం కూడా ఈ సంకల్పానికి కొనసాగింపే.

అయితే రసాయనశాస్త్రాన్ని, ధర్మశాస్త్రాన్ని, గణితాన్ని ఉర్దూలో బోధించాలంటే ముందు ఆ పాఠ్యగ్రంథాలు ఉర్దూలో ఉండాలి. అందువల్ల 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడింది. మౌల్వీ అబ్దుల్ హక్ దాని తొలి నిర్వాహకుడు. ఉమ్రావ్ జాన్ అదా నవలాకారుడు మీర్జా హాదీ రుస్వా, కవి జోష్ మలీహాబాదీ మొదలైనవారు వివిధ కాలాల్లో అందులో పనిచేశారు. భౌతిక, వైద్య, చరిత్ర, తత్త్వ శాస్త్రాలలో వందల గ్రంథాలు అక్కడినుంచి వెలువడ్డాయి. ఈ కృషిలో నాకు అన్నిటికంటె గౌరవనీయంగా తోచేది అనువాదాల సంఖ్య కాదు, ఒక్కొక్క పారిభాషిక పదం కోసం జరిగిన వాదోపవాదాల గాంభీర్యం. అరబ్బీ ధాతువులనుంచే పదాలు నిర్మించాలన్నది ఒక పక్షం. ఉర్దూ స్వభావతః ఆర్యభాష కనుక దాని సమాస, ప్రత్యయ నిర్మాణశక్తిని వాడుకొని, దేశీయ పదసంపదనూ స్వీకరించాలన్నది మరొక పక్షం. రెండవ పక్షాన్ని వహీదుద్దీన్ సలీం 1921లో ప్రకటించిన ‘వజ్ఏ ఇస్తిలాహాత్’ అన్న గ్రంథంలో సోదాహరణంగా సమర్థించాడు. శాస్త్రపరిభాషను నిర్మించబూనిన ఏ భారతీయభాషకైనా ఎదురయ్యే సమస్యలన్నీ దాదాపు ఆ గ్రంథంలో ముందే చర్చకు వచ్చాయి.

1918లో విశ్వవిద్యాలయ శాసనం వెలువడింది. 1919 ఆగస్టు 28న గన్‌ఫౌండ్రీ దగ్గర, నిజాం కళాశాలకు సమీపంలోని భవనంలో, రెండు వందల పైచిలుకు విద్యార్థులతో తరగతులు మొదలయ్యాయి. అది విశ్వవిద్యాలయానికి అనువైన చోటు కాదని ఆరంభం నుంచీ అందరికీ తెలుసు. అయినా శాశ్వతభవనపు పునాదిరాయికి మరి పదిహేనేళ్లు పట్టింది. ఈ జాప్యాన్ని అలసత్వంగా లెక్కించడం న్యాయం కాదు. 1908 నాటి మూసీ వరద నగరంలో పెద్దభాగాన్ని నేలమట్టం చేసిన తరువాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ చేతినిండా పనులు పెట్టుకొని ఉంది. విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, నగర ఉన్నత పాఠశాల మూసీ ఒడ్డున లేస్తున్నది కూడా ఆ కాలంలోనే. పైగా విశ్వవిద్యాలయాన్ని నగరమధ్యంలో ఇరికించాలా, వెలుపల విశాలంగా పరచాలా అన్న నిర్ణయానికి సమయం కావలసి వచ్చింది. ఆ పరిశీలనను బొంబాయిలో సామాజికశాస్త్ర ఆచార్యుడిగా ఉన్న స్కాట్లండు పండితుడు పాట్రిక్ గెడ్డెస్‌కు అప్పగించారు. జీవశాస్త్రంతో మొదలుపెట్టి నగరనిర్మాణశాస్త్రంలోకి వచ్చిన గెడ్డెస్, పట్టణాన్ని ఒక ప్రాణిగా చూసి, దాని ప్రాత జీవకణాలకు హాని కలగకుండా కొత్తవాటిని చేర్చాలని నమ్మినవాడు. వివిధ స్థలాలను పరిశీలించి ఆయన 1923లో తన నివేదిక సమర్పించాడు.

చివరకు స్థిరపడిన అడిక్‌మెట్ భూములు ఒకప్పుడు మహ్ లకా బాయి చందా జాగీరులోనివని ప్రసిద్ధి. ఉర్దూలో దీవాను కూర్చి, నిజాం ఆస్థానంలో అపారమైన గౌరవం పొంది, 1824లో మరణించిన ఆ కవయిత్రి పేరుతో ముడిపడిన నేల ఉర్దూ విశ్వవిద్యాలయానికి నెలవు కావడం ఎవరూ పథకం వేసి సాధించిన పొందిక కాదు. అది వెయ్యి ఎకరాలకు మించిన ఎగుడుదిగుడు రాతినేల. దక్కను పీఠభూమి గ్రానైటు అక్కడ గుట్టలుగా పైకి తేలి ఉంటుంది.

ఈ నేలపై ఏ శైలిలో కట్టాలన్న ప్రశ్నకు ప్రభుత్వం వెచ్చించిన శ్రద్ధ అసాధారణం. సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరు వాస్తుశిల్పులను ఐరోపా, అమెరికా, జపాను, ఈజిప్టు, టర్కీ మొదలైన దేశాలకు పంపి, అక్కడి విశ్వవిద్యాలయాల కట్టడాలను పరిశీలింపజేసింది. తరువాత కైరో నగరశివారులోని హీలియోపొలిస్ రాజప్రాసాద హోటలు రూపకర్తగా ప్రఖ్యాతి గడించిన బెల్జియం దేశీయుడు ఎర్నెస్ట్ జాస్పర్‌ను సలహాదారుగా నియమించింది. 1934 జులై 5న నిజాం శంకుస్థాపన చేశాడు. కొంతకాలానికి జాస్పర్ హైదరాబాదు విడిచివెళ్లగా, మిగిలిన నిర్మాణభారమంతా జైన్ యార్ జంగ్ వహించాడు.

పూర్తయిన భవనాన్ని ఎదురుగా నిలిచి చూసేవారిని మొదట ఆకట్టుకునేది రెండంతస్తుల నిలువునా లేచిన ప్రవేశతోరణం. దాని వంపు నిస్సందేహంగా ఇస్లామిక వాస్తుసంప్రదాయానికి చెందినది. లోపలికి వెళ్లేసరికి స్తంభాలు మరొక భాష మాట్లాడుతాయి: బలిష్ఠమైన కాండాలు, వాటిపై అజంతా ఎల్లోరా గుహాలయాలను తలపించే బోదెలు. బ్రిటిషు ఇంజనీర్లు ఇతర నగరాల్లో ఇండో సారసెనిక్ పేరిట కట్టిన భవనాలలో గుమ్మటాలు, ఛత్రీలు, జాలీలు పైపై అలంకారాలుగా మిగలడం కద్దు. ఇక్కడ అలంకారం మితం. భారం మోసే అంగాలే శైలిని మోస్తున్నాయి. గులాబిఛాయ గ్రానైటు ఇందుకు సహాయపడింది. సున్నపురాతిలోనో ఇసుకరాతిలోనో వచ్చే సన్నని నగిషీకి ఈ రాయి లొంగదు. ఉలి మొన మాటిమాటికీ మొద్దుబారి కొలిమికి చేరవలసిందే. అటువంటి రాయి శిల్పిని పెద్ద తలాలవైపు, స్పష్టమైన అంచులవైపు నడిపిస్తుంది. ఆర్ట్స్ కళాశాల గాంభీర్యంలో ప్రణాళికకర్తల వివేకం ఎంత ఉందో, ఈ రాతి కాఠిన్యం, దానిని తరతరాలుగా ఎరిగిన దక్కను రాళ్లపనివారి నేర్పు అంతే ఉన్నాయి. శిలాఫలకాలు ప్రభువులనూ వాస్తుశిల్పులనూ స్మరించినంతగా వారిని స్మరించవు కనుక, చరిత్రకారుడైనా స్మరించాలి.

రాతిలో సాధించిన ఈ సమన్వయాన్ని సమాజంలో కూడా ఆ రాజ్యం సాధించిందని చెప్పగలిగితే చరిత్ర చాలా సులభమయ్యేది. రాజ్యప్రజల్లో దాదాపు సగం మంది మాతృభాష తెలుగు. మిగిలినవారిలో ఎక్కువమందిది మరాఠీ, కన్నడం. ఉర్దూ తల్లిభాషగా కలవారు ఎనిమిదిమందిలో ఒకరికి మించరు. దేశభాషలో విద్య అన్న ఉదాత్త సూత్రం, అందువల్ల, అధికసంఖ్యాకులకు ఇంగ్లీషు బదులు మరొక నేర్చుకోవలసిన భాషగా మాత్రమే అనుభవంలోకి వచ్చింది. విశ్వవిద్యాలయంలో తెలుగుశాఖ లేకపోలేదు. రాయప్రోలు సుబ్బారావు వంటి కవి అక్కడ ఆచార్యత్వం వహించాడు. కాని తెలుగు అక్కడ ఒక పాఠ్యవిషయం. పాఠాలు చెప్పే భాష కాలేదు. ఆర్ట్స్ కళాశాలకు పునాది పడిన 1934లోనే సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ కవుల సంచికను ప్రకటించి, నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న ఆక్షేపణకు మూడు వందల యాభైమందికి పైగా కవులను నిలిపి జవాబు చెప్పాడు. అడిక్‌మెట్‌లో రాయి మీద రాయి పేరుస్తున్న కాలంలో, ఏ ప్రభుత్వ సహాయమూ లేకుండా, ఒక పత్రికా సంపాదకుడు పద్యం మీద పద్యం పేర్చి తెలుగుకు ఇల్లు కడుతున్నాడు.

ఇక్కడ నిందను పంచవలసిన అవసరం ఉంది. 1926లో బెజవాడలో పుట్టి వాల్తేరుకు చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయం తెలుగువారి ఉద్యమఫలం. పాలకులు పరాయిభాషను రుద్దిన చోటు కాదు. అయినా అక్కడ కూడా బోధన ఇంగ్లీషులోనే సాగింది. స్వభాషలో ఉన్నతవిద్య అసాధ్యం కాదని నిరూపించే ధైర్యం ఉర్దూ విషయంలో హైదరాబాదు ప్రభుత్వం చూపింది. తెలుగు విషయంలో అంతటి ధైర్యం తెలుగువారే చూపలేదు. ఉస్మానియా ప్రయోగంలోని అన్యాయాన్ని ఎత్తిచూపేటప్పుడు దానిలోని ఈ పాఠాన్ని విస్మరించడం తగదు.

భవనం గోడలు పైకప్పు అందుకుంటున్న 1938లో, విశ్వవిద్యాలయ వసతిగృహాల్లోని హిందూ విద్యార్థులు ప్రార్థనామందిరాల్లో వందేమాతరం పాడడాన్ని అధికారులు నిషేధించారు. విద్యార్థులు సమ్మెకు దిగారు. నిషేధం వరంగల్ వంటి చోట్లకు పాకగా సమ్మె కూడా పాకింది. వందలమందిని కళాశాలలనుంచి వెలివేశారు. వారిలో అనేకులకు నాగపూర్ విశ్వవిద్యాలయం ఆశ్రయమిచ్చింది. తరువాతి కాలంలో దేశప్రధాని అయిన పి.వి. నరసింహారావు ఆ వెలివేతకు గురైనవారిలో ఒకరు. హిందూ స్తంభానికీ ముస్లిం తోరణానికీ ఒకే కప్పు కింద చోటిచ్చిన సంస్థ, ఒక గీతానికి తన ప్రాంగణంలో చోటివ్వలేకపోయింది. ఆనాటి పాలకుల పక్షాన చెప్పదగినదేమంటే, ఆ సంవత్సరం స్టేటు కాంగ్రెసు, ఆర్యసమాజ సత్యాగ్రహాలతో రాజ్యం కలవరపడి ఉంది. ప్రతి గీతం వారికి రాజకీయ నినాదంగా వినిపించింది. భయం కారణమే కావచ్చు. అది నిర్ణయాన్ని వివరిస్తుందే తప్ప సమర్థించదు. మరుసటి ఏడాది డిసెంబరులో ప్రారంభోత్సవం వైభవంగా జరిగేనాటికి, ఆ భవనంలో కూర్చోవలసిన విద్యార్థుల్లో కొందరు నాగపూరులో పరీక్షలకు చదువుతున్నారు.

తరువాతి పదేళ్ల గమనం వేగవంతమైనది. యుద్ధకాలంలో ఇనుము, సిమెంటు నియంత్రిత వస్తువులయ్యాయి. 1947లో నిజాం కళాశాల మద్రాసు అనుబంధం విడిచి ఉస్మానియాలో చేరింది. 1948లో హైదరాబాదు తరఫున ఢిల్లీలో ప్రతినిధిగా ఉండి రాజ్యపు చివరి సంప్రదింపులు జరిపినవాడు, ఆర్ట్స్ కళాశాలను పూర్తిచేసిన ఆ జైన్ యార్ జంగే. ఆ సెప్టెంబరులో పోలీసు చర్యతో రాజ్యం అంతరించింది. వెనువెంటనే విశ్వవిద్యాలయ బోధనామాధ్యమం ఇంగ్లీషుకు మారింది. 1950లలో విశ్వవిద్యాలయాన్ని కేంద్రం స్వాధీనపరచుకొని హిందీ సంస్థగా మలచాలన్న ప్రతిపాదన వచ్చింది. వ్యతిరేకత కారణంగా అది వీగిపోయింది. 1958లో కేంద్ర ఆంగ్లభాషా సంస్థ విశ్వవిద్యాలయానికి పొరుగునే వెలసింది. ఉర్దూకోసం ఏర్పరచిన పరిసరంలో నలభై ఏళ్లకు ఇంగ్లీషు బోధకులకు శిక్షణ మొదలైంది.

మాధ్యమం మారిన రోజున దారుల్ తర్జుమా గ్రంథాలకు కలిగిన గతిని తలచుకుంటే మనసు బరువెక్కుతుంది. మూడు దశాబ్దాల పాండిత్యం, పదపదానికీ చేసిన తపస్సు, ఒక ఉత్తర్వుతో పాఠ్యప్రణాళికనుంచి వైదొలగి పాతపుస్తకాల వరుసలోకి చేరింది. ఇంగ్లీషుకు మారడానికి అఖిలభారత ఉద్యోగాలు, ఇతర విశ్వవిద్యాలయాలతో సంబంధం వంటి ప్రబలమైన కారణాలున్నాయి. తెలుగు మరాఠీ కన్నడ విద్యార్థులకు ఆ మార్పు అన్యాయమని కూడా అనలేము. కాని మార్పు జరిగిన తొందరలో, దేశభాషలో ఉన్నతవిద్య అనే ప్రశ్న కూడా ఉర్దూతోపాటే పక్కకు పోయింది. ఒక భాష పట్ల పక్షపాతాన్ని సరిదిద్దబోయి, భాషలన్నిటికీ ఉపయోగపడగల అనుభవాన్ని మూసివేశారు.

గ్రంథాలయ భవనం ఇంత ఆలస్యంగా రావడానికి మూలం కూడా ఈ చరిత్రలోనే వెదకాలి. మొదటి కాలంలో విశ్వవిద్యాలయపు విజ్ఞానమంతా తాను తర్జుమా చేయించుకున్న నిర్ణీత గ్రంథాలలో ఇమిడి ఉంది. విద్యార్థి ఆ పరిధి దాటి స్వయంగా వెదుక్కునే అవసరాన్ని పాఠ్యప్రణాళిక అంతగా కల్పించలేదు. రెండవది, నగరంలో 1891లో స్థాపితమై 1936లో అఫ్జల్‌గంజ్ వద్ద గంభీరమైన సొంత భవనం పొందిన ఆసఫియా గ్రంథాలయం ఉండగా, మరొక మహాగ్రంథాలయం తక్షణావసరంగా తోచి ఉండదు. మూడవది మన దేశమంతటికీ వర్తిస్తుంది: గ్రంథాలయాన్ని పుస్తకాలు దాచే కొట్టుగా కాక పఠితకోసం పెరిగే సంస్థగా చూడాలని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే సూత్రీకరించినా, ఆ దృష్టి విశ్వవిద్యాలయాల నిర్మాణ ప్రణాళికల్లోకి రావడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఏర్పడి, 1957లో ఆయన అధ్యక్షతనే గ్రంథాలయాల పరిశీలనకు ఒక సంఘాన్ని నియమించేదాకా సమయం పట్టింది. ఇంగ్లీషుకు మారిన తరువాత ప్రపంచపు నలుమూలలనుంచి వచ్చే పుస్తకాలు, పత్రికలు ఉస్మానియాకు ప్రాణావసరమయ్యాయి. పాతకాలపు మందిరాలు ఆ రద్దీకి చాలలేదు.

ఆ అవసరం నెరవేరిన కాలంలో విశ్వవిద్యాలయ ఉపాధ్యక్ష (వైస్ ఛాన్సలర్) పదవిలో ఉన్నవాడు డి.ఎస్. రెడ్డి. 1957 నుంచి పన్నెండేళ్లు ఆ పదవి నిర్వహించిన ఆయన, తనను తొలగించడానికి వీలుగా చేసిన శాసన సవరణను సవాలు చేసి 1967లో సుప్రీంకోర్టులో గెలిచాడు. ఫర్మానాతో పుట్టిన విశ్వవిద్యాలయం ప్రభుత్వానికి ఎదురు నిలిచి న్యాయం పొందడం దాని స్వభావంలో వచ్చిన గొప్ప మార్పుకు గుర్తు. కొత్త గ్రంథాలయ భవనాన్ని 1963లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించాడు. అంతకు ముప్పై ఏళ్ల ముందు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టిన ఉపాధ్యక్షుడు ఆయనే. ఈ భవనానికి ఆర్ట్స్ కళాశాల ఠీవి లేదు. దాని కాలానికి ఆ ఠీవి మీద నమ్మకమూ లేదు. వెలుతురు, గాలి, బారులు తీర్చిన అరలు, పఠనమందిరాలు దాని లక్ష్యం. రాజ్యవైభవాన్ని ప్రదర్శించే కట్టడం నుంచి పాఠకుని సౌకర్యాన్ని లెక్కించే కట్టడానికి జరిగిన ప్రయాణం రెండింటినీ ఒకే రోజున చూసినవారికి స్పష్టపడుతుంది. అరబ్బీ, ఫారసీ, ఉర్దూ వ్రాతప్రతులతోపాటు సంస్కృత, తెలుగు వ్రాతప్రతులు, తాళపత్రాలు వేల సంఖ్యలో అక్కడ ఒకే కప్పు కిందికి చేరాయి. దారుల్ తర్జుమా గ్రంథాలు వాటి సరసన ఉన్నాయి.

ప్రజాజీవితంలో ఈ రెండు భవనాల గతులు వేరైనాయి. ఆర్ట్స్ కళాశాల ముంగిలి 1969లోనూ, 2009 తరువాతా తెలంగాణ ఉద్యమానికి రంగస్థలమై, వార్తాపత్రికల్లో ఒక విద్యాసంస్థ బొమ్మగా కంటె ఒక ప్రాంతపు ఆకాంక్షకు చిహ్నంగా ఎక్కువ ప్రసిద్ధి పొందింది. 2014లో రాష్ట్రం ఏర్పడింది. గ్రంథాలయం ఉద్యోగపరీక్షలకు సిద్ధమయ్యే గ్రామీణ యువకులతో నిండుతూ వచ్చింది. పరిశోధనకు ఉద్దేశించిన మందిరాలు పోటీపరీక్షల పఠనశాలలయ్యాయని చింతించేవారున్నారు. ఇంట్లో దీపమూ బల్లా నిశ్శబ్దమూ లేని విద్యార్థికి అవి దొరికే చోటు అదొక్కటే అయినప్పుడు ఆ చింతలో నేను పూర్తిగా పాలుపంచుకోలేను. అయితే వ్రాతప్రతుల సంరక్షణకూ నూతన గ్రంథసేకరణకూ తగిన శ్రద్ధ లభించాలన్న వారి కోరిక మాత్రం న్యాయమైనది.

మిగిలినది భాషాప్రశ్న. 1968లో, ఉన్నతవిద్యకు తెలుగులో పాఠ్యగ్రంథాలు తయారుచేయడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హైదరాబాదులో తెలుగు అకాడమీని స్థాపించింది. దానికి తొలి అధ్యక్షుడు, 1938 ఉద్యమంలో వెలివేతకు గురైన పి.వి. నరసింహారావు. అకాడమీ చేపట్టిన పని తత్త్వతః దారుల్ తర్జుమా చేసిన పనే: సంస్కృతధాతువులనుంచి పదాలు కల్పించాలా, వాడుకభాషను ఆశ్రయించాలా, ఇంగ్లీషు మాటనే నిలుపుకోవాలా అన్న చర్చ తెలుగులో మళ్లీ మొదలైంది. సలీం 1921లో అరబ్బీ, దేశీయ పదాల మధ్య తూచిన తూకాన్ని తెలుగు పరిభాషా నిర్మాతల నిర్ణయాలతో పదాలవారీగా పోల్చి చూడడం, ఉర్దూ తెలుగు రెండూ చదవగల పరిశోధకుడు చేపట్టదగిన పని.